విదేశీ రుణ సహాయం: ప్రణాళిక నుంచి విడుదల వరకు

తిరుపతి: ప్రపంచ బ్యాంకు, ఆసియా అభివృద్ధి బ్యాంకు వంటి సంస్థలు రాష్ట్రానికి అందించే సహాయంలో అధిక భాగం రుణమే గాని విరాళం కాదు. కనుక దాని ప్రణాళిక తీరును అధికారులు, పాత్రికేయులు గ్రహించడం అవసరం.

తొలుత రుణదాత సంస్థ భారత ప్రభుత్వాన్ని సంప్రదించి, కొన్ని సంవత్సరాలకు వర్తించే దేశ వ్యూహ పత్రాన్ని రూపొందిస్తుంది. రాష్ట్ర ప్రతిపాదనలు కేంద్ర ఆర్థిక మంత్రిత్వ శాఖ ద్వారా ఆ సంస్థకు చేరుతాయి. అనంతరం ప్రాజెక్టు గుర్తింపు, రూపకల్పన, మదింపు, ఒప్పంద చర్చలు, బోర్డు ఆమోదం వరుసగా జరుగుతాయి. ఆమోదం లభించినా సొమ్ము ఒకేసారి రాదు. పనుల పురోగతిని, లెక్కలను బట్టి విడతలుగా విడుదలవుతుంది.

ప్రపంచ బ్యాంకు 2000లో 11.1 కోట్ల డాలర్ల రుణంతో ఆమోదించిన 'వెలుగు' ప్రాజెక్టుకు ఎంపికైన ఆరు జిల్లాలలో నాటి ఉమ్మడి చిత్తూరు ఒకటి. మహిళా స్వయం సహాయక సంఘాలను, వాటి సమాఖ్యలను బలోపేతం చేయడం దాని ముఖ్య లక్ష్యాలలో ఒకటి.

ఏర్పేడు–శ్రీకాళహస్తి ప్రాంతం కూడా భాగమైన విశాఖ–చెన్నై పారిశ్రామిక కారిడార్‌కు 2016లో ఆసియా అభివృద్ధి బ్యాంకు 62.5 కోట్ల డాలర్ల రుణాలను ఆమోదించింది. మొత్తం సహాయంలో గ్రాంటు వాటా 1 శాతం లోపే.

2005 ఏప్రిల్ నుంచి ఇట్టి రుణాలు అవే షరతులతో రాష్ట్రానికి బదిలీ అవుతున్నందున, డాలరు విలువ పెరిగితే ఆ భారమూ రాష్ట్రానిదే. వినియోగించుకోని మొత్తంపైనా ఆసియా అభివృద్ధి బ్యాంకు కమిట్‌మెంట్ ఛార్జీ వసూలు చేస్తుంది. భూసేకరణలోనూ టెండర్లలోనూ జరిగే ప్రతి జాప్యానికీ చివరకు మూల్యం చెల్లించేది ప్రజలే. కనుక మంజూరైన మొత్తంతో పాటు విడుదలైన, ఖర్చయిన మొత్తాలను కూడా పరిశీలించడం సముచితం.