పెరటికి మరమ్మతు: మొక్క కంటే ముందు మట్టి

పెరటి తోట ఎదగని ఇంటిలో నింద సాధారణంగా విత్తనం మీద పడుతుంది. తెచ్చిన విత్తనాలు మంచివి కావనుకొని గృహిణి మరుసటి ఏడాది ఆ పనే మానుకుంటుంది. అసలు లోపం చాలాచోట్ల నేల అడుగున ఉంటుంది. ఇల్లు కట్టగా మిగిలిన ఇటుక ముక్కలు, సున్నం, సిమెంటు పెళ్లలు పెరటిలోనే పరచి, పైన కొద్దిపాటి గ్రావెల్ పోసి చదును చేయడం పరిపాటి. శుభ్రత పేరిట మిగిలిన చోటంతా గచ్చు చేయించడం మరో అలవాటు. ఇటువంటి చోట విస్తరణ సిబ్బంది సలహా విత్తనంతో కాక గడ్డపారతో మొదలు కావాలి.

ముందుగా ఇంటివారే చేసుకోదగిన పరీక్షలు రెండు ఉన్నాయి. 30 సెం.మీ. లోతు గుంత తీసి నీటితో నింపాలి. ఒక రోజు గడిచినా నీరు నిలిచి ఉంటే అడుగున గట్టి పొర ఉన్నట్లే. రెండవది, తవ్విన మట్టిపై సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం కొన్ని చుక్కలు వేయడం. ఇది విద్యార్థి పర్యవేక్షణలో జరగాలి. మట్టి నురగలు కక్కితే సున్నం అధికంగా ఉన్నదని అర్థం. అటువంటి నేలలో కరివేపాకు లేత ఆకులు ఈనెలు మాత్రం ఆకుపచ్చగా ఉండి పాలిపోతాయి. ఇది ఇనుపధాతు లోపం. దీనిని నత్రజని లోపంగా పొరబడి యూరియా వేయడం తరచుగా జరుగుతుంది. నత్రజని లోపం మొదట ముదురు ఆకులపై కనిపిస్తుందన్న తేడా గుర్తుంటే ఆ ఖర్చు తప్పుతుంది. లీటరు నీటికి 5 గ్రా. అన్నభేది, 1 గ్రా. నిమ్మ ఉప్పు కలిపి పిచికారి చేస్తే పచ్చదనం తిరిగి వస్తుంది కాని, శిథిలాలు అడుగున ఉన్నంతకాలం అది తాత్కాలికమే.

కనుక తవ్వక తప్పదు. 10 చ.మీ. మడికి 30 సెం.మీ. లోతున మట్టి మార్చాలంటే 3 ఘనపు మీటర్ల మట్టి కావాలి. దీనిని ఒకేసారి తలకెత్తుకొని మధ్యలో వదిలివేసే కుటుంబాలే ఎక్కువ. 2 చ.మీ. చొప్పున చేసుకుంటూ పోవడం మేలు. ఇంటి పునాదికి కనీసం ఒక మీటరు దూరం విడవాలి. రెండు పాళ్ల మట్టికి ఒక పాలు బాగా చివికిన పశువుల ఎరువు కలపాలి. చెరువు మట్టి తెస్తే అందులో బంకపాలు ఎక్కువ కనుక ఇసుక కూడా కలపవలసి ఉంటుంది. ఏరిన ఇటుక ముక్కలు నడకదారి అడుగున పరచడానికి పనికివస్తాయి.

తరువాత వాలు. ఇంటి గోడ నుండి బయటికి మీటరుకు 2 సెం.మీ. పల్లం ఉండాలి, మేస్త్రీలు మట్టం చూసే నీటి గొట్టం ఇందుకు చాలు. 100 చ.మీ. డాబాపై ఒక సెంటీమీటరు వాన పడితే 1,000 లీటర్ల నీరు దిగుతుంది. ఆ గొట్టం తిన్నగా మడిలోకి తెరిస్తే బొప్పాయి మొదలు కుళ్లుతుంది. దానిని వేరుగా ఇంకుడు గుంతకు మళ్లించాలి. బట్టలుతికిన నీటిలో సోడియం ఉంటుంది. అది కొత్తిమీర, పుదీనా మడులకు తగదు. అరటికి, మెట్ట తామరకు పారించవచ్చు.

ఎండ సంగతి పెరటి పటాలలో తరచుగా మరుగున పడుతుంది. 16 డిగ్రీల ఉత్తర అక్షాంశాన, డిసెంబరు చివరి వారంలో, 4.5 మీ. ఎత్తున్న ఇంటి నీడ మధ్యాహ్నం కూడా ఉత్తరంగా సుమారు 3.7 మీ. వరకు పడుతుంది. శీతాకాలపు టమాట, వంగ ఆ మేరలో కాపు కాయవు. ఇదే కారణంగా మునగ, అరటి వంటి ఎత్తైనవి మడులకు ఉత్తరపు అంచున ఉండాలి. ఉతుకుడు బండ దక్షిణాన ఉన్న ఇళ్లలో మాత్రం అరటి నీడ మడులపై పడుతుంది. అక్కడ పొట్టి రకం మెట్ట తామరతో సరిపెట్టుకోవాలి.