పాత ఫిరంగుల పరిరక్షణ, తరలింపు: దక్షిణ రాయలసీమ పరిసరాల నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
కోటల్లోనూ ప్రదర్శనశాలల్లోనూ కనిపించే పాత ఫిరంగులు యుద్ధచరిత్రకు, లోహవిద్యకు, రవాణా పద్ధతులకు భౌతికసాక్ష్యాలు. వాటిని శుభ్రపరచడంలోనూ ఒకచోటి నుండి మరొకచోటికి తరలించడంలోనూ జరిగే పొరపాట్లు ఆ సాక్ష్యాన్ని శాశ్వతంగా చెరిపివేస్తాయి. శ్రీ సిటీ చుట్టుపక్కల ప్రాంతాల ఫిరంగుల చరిత్రను ఆధారంగా చేసుకొని, పరిరక్షణలోనూ తరలింపులోనూ పాటించవలసిన క్రమాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: ఫిరంగి, పోత ఇనుము, కంచు, చిలుము, పులికాట్, గండికోట, గుర్రంకొండ, పరిరక్షణ.

1. ప్రవేశిక:
తిరుపతి జిల్లాలో సత్యవేడు, వరదయ్యపాళెం మండలాల పరిధిలో, తడకు సమీపాన ఉన్న శ్రీ సిటీ నేడు పారిశ్రామిక నగరం. ఇక్కడ తయారైన మెట్రో రైలు పెట్టెలు భారీ ట్రెయిలర్లపై చెన్నై, కొచ్చి, లక్నో నగరాలకు చేరాయి. బరువైన వస్తువును రోడ్డుమీద సురక్షితంగా నడిపించడం ఈ ప్రాంతానికి నేడు అలవాటైన విద్య. నాలుగువందల ఏళ్ల కిందట ఇదే పరిసరాల్లో బరువును కదిలించడమంటే చాలావరకు ఫిరంగిని కదిలించడమే.

'ఫిరంగి' అనే మాట పరదేశీయులను సూచించే పారశీకపదం నుండి వచ్చింది. ఆయుధం పేరులోనే దాని రాక చరిత్ర ఉంది. చంద్రగిరి, వేలూరులు కేంద్రాలుగా పాలించిన విజయనగర ప్రభువు రెండవ వేంకటపతిరాయల కాలంలో డచ్చివారు పులికాట్‌లో స్థిరపడి 1613లో గెల్డ్రియా కోటను నిర్మించారు. అక్కడ తుపాకిమందు కూడా తయారుచేసి తమ ఆసియా స్థావరాలకు పంపేవారు. ఆ పులికాట్ సరస్సు శ్రీ సిటీకి తూర్పున కొద్ది దూరంలోనే ఉంది.

2. బరువు చెప్పే చరిత్ర:
ఫిరంగిని పోతపోయడమే కష్టసాధ్యమైన పని. గండికోటను జయించిన మీర్ జుమ్లా 48 పౌన్లు, 24 పౌన్ల గుండ్లు పేల్చే 20 ఫిరంగులను అక్కడ పోతపోయించదలచాడని 1652లో ఆ కోటను చూసిన ఫ్రెంచి యాత్రికుడు టావెర్నియర్ వ్రాశాడు. లోహం కోసం ఆలయాల్లోని రాగి విగ్రహాలను తెప్పించారు. అయితే నియమించిన ఫ్రెంచి నిపుణుడు ఒక్క ఫిరంగినైనా సక్రమంగా పూర్తిచేయలేకపోయాడని ఆ కథనం తెలుపుతుంది. కరిగించే కొలిమి, అచ్చు, లోహమిశ్రమం వీటిలో ఏది తప్పినా గొట్టం పగులుతుంది. కాబట్టి నేడు నిలిచి ఉన్న ప్రతి ఫిరంగీ ఒక సఫలమైన పోతకు సాక్ష్యం.

తయారైన తర్వాత దాన్ని కొండకోట దాకా చేర్చడం మరొక సమస్య. మూడవ మైసూరు యుద్ధకాలంలో, 1791లో, నిజాం సైన్యం గుర్రంకొండను ముట్టడించింది. ఆంగ్లేయుల దళం తోడై భారీ ఫిరంగులతో దాడిచేసిన తర్వాతనే దిగువకోట పట్టుబడింది. పెద్ద ఫిరంగి కదలాలంటే పదుల సంఖ్యలో ఎద్దులు, వాటికి మేత, బాటచేసే మనుషులు కావాలి. మైసూరు పాలకులు అమృతమహల్ పశువులను ప్రత్యేకంగా పెంచడానికి ఈ అవసరమే ముఖ్యకారణం.

ఇంత శ్రమకోర్చి చేర్చిన ఫిరంగిని యుద్ధం ముగిశాక తిరిగి తీసుకొనిపోవడం తరచుగా లాభసాటి కాదు. అందుకే అనేక ఫిరంగులు ఉన్నచోటనే మిగిలిపోయాయి. 1687లో ఔరంగజేబు వశమైన గోల్కొండలో ఫతే రహబర్ అనే కంచు ఫిరంగి నేటికీ పెట్ల బురుజుపైనే ఉంది. అది ఏ దిక్కుకు చూస్తోంది, దాని కింద పీఠం ఎలా ఉంది, బురుజు ఎంత వెడల్పు అనేవన్నీ చరిత్రలో భాగాలే. ఫిరంగిని తొలగించిన క్షణంలో ఈ సంబంధం తెగిపోతుంది. కనుక అనివార్యమైతే తప్ప కదిలించరాదు. కదిలించవలసివస్తే ముందుగా స్థానం, దిశ, కొలతలు, ఛాయాచిత్రాలు నమోదుచేయాలి.

3. శుభ్రపరచడానికి ముందు:
తొలి పరీక్ష గొట్టం లోపల మందు, గుండు ఉన్నాయా అన్నదే. 2013 జనవరిలో న్యూయార్క్ సెంట్రల్ పార్కుకు చెందిన 18వ శతాబ్దపు ఫిరంగిని శుభ్రం చేస్తుండగా లోపల గుండుతో పాటు సుమారు 800 గ్రాముల తుపాకిమందు బయటపడింది. ఆ ఫిరంగి ఏళ్లతరబడి జనం మధ్య ప్రదర్శనలో ఉన్నదే. అందువల్ల మూతి పూడుకొనిపోయిన గొట్టంలోకి ఇనుపకమ్మీని దూర్చడం, వేడిచేయడం, రంధ్రం వేయడం ప్రమాదకరం. అనుమానమున్నప్పుడు పేలుడుపదార్థాల నిపుణులు పరీక్షించేవరకు పని ఆపాలి.

రెండవ పరీక్ష లోహనిర్ణయం. ఫిరంగికంచులో సుమారు తొమ్మిది వంతులు రాగి, ఒక వంతు తగరం ఉంటాయి. దానిపై ఏర్పడే స్థిరమైన చిలుము లోహానికి రక్షణకవచం. ఇంట్లో ఇత్తడిసామానులా చింతపండుతో తోమి మెరిపిస్తే ఆమ్లం ఆ కవచాన్ని, పైనున్న సన్నని చెక్కడాలను తినివేస్తుంది. అయితే లేత ఆకుపచ్చ పొడిగా రాలే చిలుము వేరు. అది క్లోరైడు, తేమ కలిసి లోహాన్ని తినే వ్యాధి. దానికి నిపుణుల చికిత్స అవసరం.

పోత ఇనుముకు ఉప్పే ప్రధానశత్రువు. ఉప్పునీటిలో గాని ఉప్పునేలలో గాని చాలాకాలం ఉన్న ఫిరంగి నుండి ఇనుము కరిగిపోయి, పైపొరలో మెత్తని గ్రాఫైటు మిగులుతుంది. ఫిరంగి ఆకారం, ముద్రలు ఆ పొరలోనే ఉంటాయి. బయటికి తీసి ఎండలో ఆరబెడితే పొరలుపొరలుగా ఊడుతుంది. ఇసుకవిసురు యంత్రంతో రాపిడి చేస్తే ముద్రలతో సహా పోతుంది. అందుకే తడిగా ఉంచి, క్షారద్రావణంలో నెలలు, అవసరమైతే ఏళ్లపాటు నానబెట్టి ఉప్పును తొలగిస్తారు. ఆపై టానిక్ ఆమ్లపు పూత, మైనపు పూత వేస్తారు. సముద్రపుగాలి తగిలే పులికాట్ తీరంవంటి చోట్ల ఈ పూతను క్రమం తప్పక పరీక్షించాలి.

4. తరలింపు:
ఆంగ్లేయ ఫిరంగులపై తరచుగా మూడు అంకెలు చెక్కబడి ఉంటాయి. మొదటిది 112 పౌన్ల హండ్రెడ్‌వెయిట్లను, రెండవది 28 పౌన్ల పాదభాగాలను, మూడవది మిగిలిన పౌన్లను తెలుపుతుంది. ఉదాహరణకు 20-1-14 అని ఉంటే బరువు 2,282 పౌన్లు, అంటే సుమారు 1,035 కిలోలు. తుప్పుతో పాటు ఈ అంకెలను గీకివేసినవారు ఆ ఫిరంగిని ఎత్తడానికి కావలసిన సమాచారాన్నే పోగొట్టుకుంటారు. అంకెలు లేనప్పుడు ఘనపరిమాణాన్ని కొలిచి లెక్కకట్టాలి. ఒకే పరిమాణంలోని కంచు ఫిరంగి పోత ఇనుపదాని కంటే సుమారు అయిదోవంతు ఎక్కువ బరువుంటుంది.

గొట్టం వెనుకభాగం మందంగా ఉండడంతో బరువు అటే మొగ్గుతుంది. కాబట్టి నడుమన ఒకే తాడు కట్టి ఎత్తరాదు. వెడల్పైన నూలు లేదా నైలాన్ పట్టీలను రెండుచోట్ల వేసి, కొద్దిగా ఎత్తి, సమతూకం చూసుకున్నాకే క్రేనుతో పైకి లేపాలి. గొట్టం మూతిలోకి కమ్మీ దూర్చి ఎత్తడం, నేలపై ఈడ్వడం తగవు. పుచ్చిన కొయ్యబండిపై ఉన్న ఫిరంగిని బండితో సహా ఎత్తరాదు. రెంటినీ వేరుచేసి, బండి భాగాలకు గుర్తులువేసి విడిగా తరలించాలి. ట్రెయిలరుపై గొట్టం ఆకారానికి తగినట్లు తొలిచిన దుంగల మధ్య పడుకోబెట్టి, గొలుసులు లోహానికి నేరుగా తగలకుండా రబ్బరు మెత్తలు వేయాలి. చేరవలసినచోట నేల ఆ బరువును మోయగలదో లేదో బయలుదేరకముందే చూడాలి.

చట్టపరమైన అనుమతి కూడా ముఖ్యం. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన ఇటువంటి వస్తువులు పురావస్తువులు. వాటిని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించరాదు. భూమిలో దొరికిన నిధులను కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి చట్టం నిర్దేశిస్తుంది.

5. ముగింపు:
ఫిరంగి బరువే దాని తయారీని, ప్రయాణాన్ని, చివరికి అది మిగిలిపోయిన చోటును నిర్ణయించింది. ఆ బరువును ఎత్తగల క్రేన్లు, మోయగల ట్రెయిలర్లు నేడు శ్రీ సిటీవంటి చోట్ల అందుబాటులో ఉన్నాయి. ఎత్తడం సులువైనకొద్దీ తొందరపాటుకు అవకాశం పెరిగింది. నమోదు, పరీక్ష, చికిత్స, తరలింపు అనే క్రమాన్ని పాటించినప్పుడే పాత ఫిరంగి అలంకారవస్తువుగా కాక చారిత్రక ఆధారంగా తర్వాతి తరాలకు అందుతుంది.