అంకె సూక్ష్మమే.. తూకం నిజమేనా?
ఎలక్ట్రానిక్ కాటాల్లో దోషాలపై అవగాహన అవసరం

గుంటూరు: మిర్చి యార్డులో టిక్కీని కాటాపై ఉంచగానే ఎర్రటి అంకెలు వెలుగుతాయి. 42.37 కిలోలని పది గ్రాముల వరకు చూపడంతో రైతు మారుమాట లేకుండా అంగీకరిస్తాడు. అయితే పది గ్రాముల వరకు చూపడం వేరు, పది గ్రాముల వరకు నిజం చెప్పడం వేరు. ఈ తేడా తెలియకుంటే నష్టం కంటికి కనిపించదు.

అంకె పుట్టేదిలా..
కాటా పళ్లెం కింద లోడ్‌సెల్ అనే లోహపు దిమ్మె ఉంటుంది. బరువు పడగానే అది అతి స్వల్పంగా వంగుతుంది. ఆ వంపుకు తగినట్లు కొన్ని మిల్లీవోల్టుల విద్యుత్ సంకేతం వెలువడుతుంది. దానిని అంకెగా మార్చే చిప్‌నే అనలాగ్-డిజిటల్ కన్వర్టర్ (ఏడీసీ) అంటారు. ఇది సంకేతాన్ని మెట్లుగా విభజిస్తుంది. 16 బిట్ల ఏడీసీలో 65,536 మెట్లు, 24 బిట్ల దానిలో 1,67,77,216 మెట్లు ఉంటాయి. మెట్లు పెరిగితే అంకె సూక్ష్మమవుతుందే తప్ప సరైనదవుతుందన్న హామీ లేదు. సాగిపోయిన టేపుపై ఎన్ని గీతలున్నా కొలత తప్పే కదా!

దోషాలు నాలుగు
* సున్నా దోషం (ఆఫ్‌సెట్): ఎంత బరువు పెట్టినా ఒకే తేడా ఉంటుంది. ఖాళీ కాటాపైనే బయటపడుతుంది. సున్నా మీట నొక్కితే తొలగుతుంది.
* గెయిన్ దోషం: బరువుతో పాటు తేడా పెరుగుతుంది. ఖాళీ కాటా సున్నానే చూపుతుంది కనుక అనుమానం రాదు. అర శాతం తక్కువ చూపితే 40 కిలోల టిక్కీకి 200 గ్రాములు, వంద టిక్కీలకు 20 కిలోలు పోయినట్లే.
* నాన్‌లీనియారిటీ: సున్నా వద్ద, పూర్తి బరువు వద్ద సరిగానే ఉండి మధ్యలో తేడా వస్తుంది.
* క్వాంటైజేషన్: అంకెను దగ్గరి మెట్టుకు సవరించడం వల్ల వచ్చేది. పది గ్రాముల మెట్టుకు అయిదు గ్రాములు మించదు. ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువగా ఉంటుంది కనుక పెద్దగా పోగుపడదు.

ఎండ వేడికి మొదటి రెండు దోషాలూ మారుతుంటాయి. మిర్చి రాక ఎక్కువగా ఉండేది వేసవిలోనే కావడం గమనార్హం.

నిబంధనలు ఏమంటున్నాయి?
లీగల్ మెట్రాలజీ చట్టం-2009 కింద 2011లో వచ్చిన నిబంధనలు అనుమతించదగిన తేడాను నిర్దేశించాయి. పది గ్రాముల మెట్టున్న మూడో తరగతి కాటాపై 20 నుంచి 100 కిలోల మధ్య ముద్ర వేసే సమయంలో తేడా 15 గ్రాములు మించరాదు. వాడుకలో ఉన్నప్పుడు 30 గ్రాముల వరకు అనుమతిస్తారు. ఎలక్ట్రానిక్ కాటాలకు ఏటా ముద్ర వేయించాలి.

రైతులు చేయాల్సింది
తూకానికి ముందు కాటా సున్నా చూపుతోందో లేదో గమనించాలి. అంతటితో సరిపెట్టుకోరాదు. గెయిన్ దోషం పట్టుబడాలంటే తెలిసిన బరువు పెట్టి చూడాల్సిందే. ముద్ర ఉన్న 20 కిలోల తూకపు రాయి ఒకటి, తర్వాత రెండు ఉంచి చూడాలి. తేడా మొదటిసారి 20 గ్రాములు, రెండోసారి 30 గ్రాములు దాటితే తూనికలు, కొలతల శాఖ అధికారులకు ఫిర్యాదు చేయవచ్చు.