కడుపులో ఒకరు, చంకలో ఒకరు

ఇంట్లో రెండో కడుపని తెలియగానే చుట్టాలు అడిగే ప్రశ్నలు ఎక్కడైనా ఒకటే. ఎన్నో నెల, వాంతులున్నాయా, మొదటిది ఆపరేషన్ కదా ఇదీ అంతేనా, ఏ ఆస్పత్రిలో చూపిస్తున్నారు. పెద్దవాణ్ని ఎవరు చూస్తారని మాత్రం ఎవరూ అడగరు. జవాబు ఎప్పుడో ఖాయమైపోయిందనుకుంటారు: అమ్మమ్మ వస్తుంది, లేకపోతే నాయనమ్మ వస్తుంది. ఉద్యోగాల కోసం ఊళ్లు దాటిన తెలుగు కుటుంబాలు తరతరాలుగా ఈ జవాబు మీద భరోసాతోనే రెండో బిడ్డను కన్నాయి. ఆ భరోసా ఎందుకు సడలిపోయిందో పశ్చిమ బెంగాల్లోని ఖరగ్‌పూర్‌ను చూస్తే తేటగా తెలుస్తుంది. రెండో కాన్పులో ఇంటిని కుదిపేది కడుపులో ఉన్న బిడ్డకన్నా నేల మీద తిరుగుతున్న రెండేళ్ల బిడ్డే. ఆ బిడ్డను పగలంతా కనిపెట్టుకుని ఉండే మనిషి ఎవరన్నది ఇంటి ఆడవాళ్ల సర్దుబాటుకు వదిలేసినంత కాలం, ఐరన్ మాత్రలు ఎన్ని పంచినా, చెకప్పులు ఎన్ని చేసినా తల్లికి చేసింది సగం సాయమే.

ఖరగ్‌పూర్ తెలుగువాళ్లు రైలు పట్టాల వెంట వచ్చినవాళ్లు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే చేతికి 1902లో కటక్ నుంచి వాల్తేరు దాకా ఉన్న తూర్పు కోస్తా లైను వచ్చింది. అదే రోజుల్లో ఆ కంపెనీ ఖరగ్‌పూర్‌లో పెద్ద కార్ఖానా కట్టింది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ పల్లెల నుంచి జనం ఆ లైను పట్టుకునే పనికి వచ్చి, కార్ఖానాలోనూ లోకో షెడ్డులోనూ కుదురుకున్నారు. 1927లో ఇక్కడి కార్మికుల పోరాటం నడిచినప్పుడు ముందున్న నాయకుల్లో ఒకరు తర్వాత రాష్ట్రపతి అయిన వి.వి. గిరి. గోల్ బజార్, మథురాకాటి, నింపురా వైపు నడిస్తే ఇవాళ్టికీ తెలుగు చెవిన పడుతుంది. 2020 డిసెంబర్లో బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించడం వెనక ఉన్నదీ ప్రధానంగా ఈ ఊరి జనమే. 1,072 మీటర్ల ప్లాట్‌ఫాం గురించి ఊరు గొప్పగా చెప్పుకుంటుంది. పచ్చళ్ల డబ్బాలు, పాత చీరల పొత్తిగుడ్డలు మోసుకుని ఆ ప్లాట్‌ఫాం మీద దిగిన అమ్మమ్మల లెక్క మాత్రం ఏ రికార్డులోనూ లేదు.

మన ఆనవాయితీలో మొదటి కాన్పు పుట్టింటిది. ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో సారె పెట్టి తీసుకెళ్తారు, మూడో నెలలోనో ఐదో నెలలోనో బిడ్డతో పంపుతారు. ఆ నెలల్లో తల్లి చేయాల్సిన పనల్లా తినడం, పడుకోవడం, పాలివ్వడం. రెండో కాన్పుకు చాలా ఇళ్లలో ఈ ఏర్పాటు ఉండదు. అత్తింట్లోనో, ఉద్యోగం ఉన్న ఊళ్లోనో కావాల్సిందే. అంటే ఒళ్లు రెండోసారి అలిసిపోయే కాలంలో విశ్రాంతి సగానికి తగ్గి, పని రెట్టింపవుతుంది. కాన్పుకూ మళ్లీ కడుపు రావడానికీ మధ్య కనీసం 24 నెలలు ఎడం ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. దాన్ని అక్షరాలా పాటించినా చిన్నది పుట్టేనాటికి పెద్దదానికి మూడేళ్లు నిండవు. పరుగెత్తే కాళ్లు వచ్చి, మాట వినే బుద్ధి రాని వయసు. ఎడం తక్కువైతే చెప్పేదేముంది.

రైల్వే క్వార్టరులో ఈ వయసు బిడ్డకు పగలు ఎలా గడుస్తుందో చూడండి. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా డ్యూటీ చేసి వచ్చిన తండ్రి, కిటికీకి దుప్పటి కట్టుకుని తొమ్మిదింటికి నిద్రకు పడతాడు. రన్నింగ్ స్టాఫ్ అయితే ఆ పాటి వేళ కూడా ఉండదు, కాల్ ఎప్పుడొస్తే అప్పుడు వెళ్లాలి. ఆ నిద్ర చెడితే మర్నాడు బండి నడిపే మనిషి కళ్లు మూతలు పడతాయి, అది వందల మంది ప్రాణాల సంగతి. కాబట్టి గంటెతో గిన్నె మీద దరువేసే రెండేళ్లవాణ్ని అరవకుండా, తలుపు బాదకుండా పట్టుకోవాలి. ఎనిమిదో నెల కడుపుతో ఉన్న ఆవిడ వాణ్ని చంకనెత్తుకుని వరండాలోకి, అక్కణ్నుంచి ఎదురింటి గడపలోకి, ఎండ తగ్గాక లైను చివరి చెట్టు కిందకి తిప్పుతుంది. మధ్యలో కుక్కరు దించి రావాలి, నీళ్లొచ్చే వేళకు బిందెలు పట్టాలి. వాడు పడుకున్నప్పుడు తనూ కాస్త నడుం వాల్చుదామంటే, తండ్రి లేచి అన్నం అడిగే వేళ అవుతుంది. ఇందులో ఎవరిదీ తప్పు లేదు. ఎనిమిది గంటల షిఫ్టులు వేసిన యంత్రాంగం ఇంట్లో ఒక స్త్రీ ఎప్పుడూ ఖాళీగా ఉంటుందని లెక్కేసుకుంది, అంతే.

ఈ కష్టానికి మనం పెట్టే పేరు వేరు. పెద్దవాడికి కుళ్లు అంటాం, తమ్ముడొస్తున్నాడని మారాం చేస్తున్నాడంటాం. నిజానికి ఆ కొద్ది నెలల్లో వాడికి జరిగేవి చూస్తే మారాం చేయకపోవడమే వింత. కడుపుతో ఉన్న తల్లి పాలు పడవని, చన్నుకు వేపాకు ముద్ద రాసి ఒక్కరోజులో పాలు మాన్పిస్తారు. మామూలుగా ఉన్న కడుపైతే వైద్యులు అలా ఉన్నపళంగా మాన్పించమనరు. తల్లి పక్కలోంచి నాయనమ్మ పక్కలోకి మారుస్తారు. ఎత్తుకోమంటే బాబు కడుపులో ఉన్నాడని ఆ రాబోయేవాడి మీదే నెపం పెడతారు. బ్రిటన్‌లో జూడీ డన్, కెరొల్ కెండ్రిక్ కేంబ్రిడ్జి ప్రాంతంలో 40 కుటుంబాలను వెంబడి చూసి 1982లో పుస్తకం వేశారు. రెండో బిడ్డ పుట్టాక పెద్దబిడ్డతో తల్లి ఆడే ఆట, కబుర్లు తగ్గాయనీ, కసుర్లు పెరిగాయనీ వాళ్లు గమనించారు. చంటిబిడ్డను ఒక మనిషిగా చూపించి, ఏడుస్తోంది ఎందుకో, ఆకలేమో అని పెద్దదానితో మాట్లాడిన ఇళ్లలో పిల్లలిద్దరూ తర్వాత స్నేహంగా ఉన్నారనీ రాశారు. ఆ తర్వాత అమెరికాలో మిషిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన బ్రెండా వోలింగ్ 241 కుటుంబాలను పరిశీలిస్తే, ఎక్కువ మంది పెద్దపిల్లలు మనం భయపడేంత కుదుపు లేకుండానే సర్దుకుపోయినట్టు తేలింది. రెండూ కలిపి చదివితే నాకు తోచేది ఇది: బిడ్డ మనసులో విషమేమీ లేదు, బిడ్డకు దక్కే గంటలే తరిగిపోతున్నాయి. గంటల లోటును బుద్ధులు చెప్పి పూడ్చలేం.

ఇక్కడ పెద్దవాళ్లు ఒక మాట అంటారు. మా అమ్మ ఏడుగురిని కన్నది, ఏ క్రెష్ చూసింది, ఏ మొగుడు సెలవు పెట్టాడు అని. ఆ మాటలో నిజం లేకపోలేదు, కానీ మొత్తం నిజం చెప్పదు. ఏడుగురున్న ఇంట్లో ఐదోవాణ్ని చంకనేసుకున్నది తల్లి కాదు, పదేళ్ల పెద్దక్క. ఆ పిల్ల బడి ఎందుకు మానేసిందో ఎవరూ కథగా చెప్పరు. 1971లో దేశంలో వెయ్యి మంది బిడ్డలు పుడితే 129 మంది ఏడాది నిండకుండానే పోయేవారు. 2020 నాటికి అది 28కి దిగింది. అప్పుడు అంతా బాగానే సాగిందనే జ్ఞాపకం, బతికినవాళ్ల జ్ఞాపకం. పైగా లెక్క మారిపోయింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఒక స్త్రీకి సగటున బెంగాల్లో 1.6, ఆంధ్రప్రదేశ్‌లో 1.7 మంది పిల్లలు. ఎత్తుకుని తిరగడానికి పెద్దక్క అనే మనిషే ఇంట్లో లేదు. రెండేళ్ల గుంటడే ఇంటికి పెద్ద.

సరే, అమ్మమ్మ ఉంది కదా అంటారా. ఉంది, కానీ రైల్వే ఊరు ఆమెను దగ్గర ఉండనివ్వదు. రైల్వే ఉద్యోగి అరవయ్యో ఏట రిటైరవుతాడు, కొద్ది నెలల్లో క్వార్టరు ఖాళీ చేయాలి. మనవలు పుట్టే వయసుకు సరిగ్గా తాత, నాయనమ్మ సామాను కట్టుకుని పలాస వైపో, బొబ్బిలి వైపో పోతారు, లేదా ఊరి అంచున అద్దె ఇల్లు వెతుక్కుంటారు. ఒకప్పుడు కొడుక్కి అదే ఊళ్లో ఉద్యోగం దొరికితే క్వార్టరు కుటుంబంలోనే ఉండేది. కొన్ని భద్రతా విభాగాల్లో తండ్రి ముందుగా రిటైరై కొడుక్కి ఉద్యోగం ఇప్పించే లార్స్‌గెస్ పథకం 2017లో ఆగింది. వారసత్వంగా ఉద్యోగాలివ్వడం పోటీ పడేవాళ్లకు అన్యాయమన్న వాదనతో నాకు పేచీ లేదు. అది పోతే ఇంట్లో ఒక మనిషి తగ్గుతుందని ఎవరూ లెక్క చూడలేదన్నదే బాధ. ఇప్పుడు కొడుకు ఎక్కడో, కోడలు ఎక్కడో. ఇక కోడలి తల్లి రావాలంటే, రైల్వే పాసు నిబంధనల్లో ఉద్యోగి భార్య, పిల్లలు ఉన్నారు గానీ, భార్యను కన్న తల్లి లేదు. రెండో కాన్పుకు అందరికన్నా ముందు కావాల్సిన మనిషి టిక్కెట్టు కొనుక్కుని రావాలి. వచ్చిన ఆవిడకు అరవై దాటి మోకాళ్లు నొప్పి, ఇంటి దగ్గర బీపీ మాత్రలు మరిచిపోయే మొగుడు, పురిటికొచ్చే ఇంకో కూతురు. నలభై రోజులు ఉంటే గొప్ప. రెండేళ్లవాడికి మనిషి కావాల్సింది నలభై రోజులు కాదు, ఏడాది.

మరి సర్కారు ఏం చేస్తోంది? చేస్తోంది, అయితే ఈ వయసును దాటేసి చేస్తోంది. 1975లో మొదలైన ఐసీడీఎస్ కింద అంగన్‌వాడీ ఆరు నెలల బిడ్డ నుంచే పోషకాహారం ఇస్తుంది; కూర్చోబెట్టి ఆటపాట చెప్పేది మాత్రం మూడేళ్లు నిండినవాళ్లకే. మధ్యలో ఉన్న బిడ్డకు తిండి ఉంది, తావు లేదు. మాతృ వందన యోజన మొదటి కాన్పుకు 5,000 రూపాయలిస్తుంది, రెండో కాన్పుకు పుట్టింది ఆడపిల్లైతేనే 6,000. ఆడపిల్లకు ప్రోత్సాహం మంచిదే. కానీ ఆ సొమ్ము వస్తుందో రాదో కాన్పు అయ్యేదాకా తెలియదు, తల్లికి ఆయా కావాల్సింది అంతకు ముందునుంచే. అంగన్‌వాడీలోనే క్రెష్ నడపాలని 2022 నుంచి పాల్నా పేరుతో ప్రయత్నం మొదలైంది. ఈ దారి సరైనదని నా అభిప్రాయం. నింపురా లాంటి చోట, కాంట్రాక్టు పనులకూ ఇళ్లలో పనికీ వెళ్లే తల్లులున్న బస్తీల్లో, ముందు అక్కడే పెట్టాలి.

కార్ఖానా సంగతికొస్తే, 1948 ఫ్యాక్టరీల చట్టం 30 మందికి పైగా స్త్రీలు పనిచేసే చోట క్రెష్ ఉండాలంది. మగవాళ్లే వేలల్లో ఉన్న చోట వాళ్ల పిల్లలు ఆ లెక్కలోకి రాలేదు. 2017లో మాతృత్వ ప్రయోజన చట్టాన్ని సవరించి 50 మంది ఉద్యోగులున్న ప్రతి సంస్థలోనూ క్రెష్ ఉండాలన్నారు. 2020 సామాజిక భద్రతా స్మృతి దాన్నే కొనసాగించింది. ఈసారి లెక్కలో మగవాళ్లూ వచ్చారు. అయినా రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకునే హక్కు తల్లికే రాశారు. సెలవుల్లోనూ ఇదే ధోరణి. కేంద్ర ఉద్యోగినికి ప్రసూతి సెలవు 180 రోజులు, సర్వీసు మొత్తంలో చైల్డ్ కేర్ లీవు 730 రోజులు. ఆ 730 రోజులు భార్య లేని మగవాడికీ ఇస్తున్నారు. భార్య ఉండి ఆస్పత్రి మంచం మీద ఉంటే ఇవ్వరు. ఆమెకు ఉద్యోగం లేకపోతే ఆ ఇంట్లో బిడ్డ కోసం ఉన్న సెలవు మొత్తం మొగుడి పదిహేను రోజుల పెటర్నిటీ లీవే.

బళ్లు ఆగవు, అందరూ సెలవంటే రైలు ఎవరు నడుపుతారని అధికారులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. అందుకే ఇక్కడ సెలవులకన్నా క్రెష్ నయం: డ్యూటీలో మనిషి తగ్గడు, ఇంట్లో మనిషి పెరుగుతుంది. రైల్వే సెటిల్‌మెంట్ కాలనీల్లో ఒక గదీ, ఇద్దరు ఆయాలూ, షిఫ్టులకు సరిపడే వేళలూ చాలు. ఉద్యోగం లేని గర్భిణి కూడా పగలు నాలుగు గంటలు పెద్దబిడ్డను అక్కడ వదలగలగాలి. తల్లి పనిచేస్తుంటేనే క్రెష్ అన్న షరతు తీసేయాలి. బిడ్డ హిందీ, బెంగాలీ ఆయాల చేతుల్లో పెరిగితే తెలుగు పోతుందన్నది ఇక్కడి పెద్దల బెంగ. ఈ ఊరి పిల్లలు ఇంట్లో తెలుగు, లైనులో హిందీ, బజారులో బెంగాలీ ఎప్పటినుంచో పట్టుకుంటున్నారు. అంతగా కావాలంటే ఆయాలుగా ఈ ఊరి తెలుగు ఆడవాళ్లనే పెట్టమనండి, వాళ్లకూ నాలుగు డబ్బులు.

యూనియన్లు యాజమాన్యంతో జరిపే పీఎన్ఎం చర్చల సమావేశాల్లో క్వార్టర్ల కారుడు, ప్రమోషన్ల జాప్యం అడుగుతుంటాయి. ఈసారి క్రెష్ వేళలూ, భార్య తల్లికి కాన్పు సమయంలో ఒక సెట్టు పాసూ జాబితాలో చేర్చమని ఖరగ్‌పూర్ కార్మికులకు విన్నపం. అంతదాకా ఆగలేని ఇళ్లకు ఒక మాట: పెటర్నిటీ లీవును కాన్పు ముందు పదిహేను రోజుల నుంచి కాన్పు తర్వాత ఆరు నెలల లోపు ఎప్పుడైనా వాడుకోవచ్చు. చాలా మంది ఆస్పత్రి వారంలోనే, అత్తగారు ఇంట్లో ఉండగానే వాడేస్తారు. ఆవిడ తిరిగి బండెక్కే రోజుకు దాచుకోండి. ఆరు నెలలు దాటితే మాత్రం ఆ సెలవు మురిగిపోతుంది.