చుట్టులోనే ఉన్నది పట్టు

గాలపు దారం తెగేది నీటిలో. అది తెగడానికి బీజం పడేది మాత్రం చాలాసార్లు ఒడ్డున, దానిని రీలు మీద చుట్టే వేళ.

1946లో మైసూరు ప్రాంతపు కబిని నదిలో డి వెట్ వాన్ ఇంగెన్ అనే వేటగాడు 120 పౌండ్ల మహసీరు చేపను గాలంతో పట్టాడు. నేటి కొలతలలో అది దాదాపు 54 కిలోలు. అంత బరువును ఒక సన్నని దారం ఒడ్డుకు చేర్చిందంటే వింతగా తోచవచ్చును. గాలపు వేట మర్మం తెలిసినవారికి మాత్రం ఇందులో వింత లేదు. ఏ దారమూ చేపను బలంతో లాగి జయించదు. చేప పరుగెత్తినప్పుడు దారి ఇస్తుంది, అలసినప్పుడు వెనక్కు వస్తుంది. మహసీరు మొదటి పరుగు ఎంత ఉధృతమైనదో మద్రాసు సివిల్ సర్వీసు ఉద్యోగి హెన్రీ సల్లివన్ థామస్ 1873లో ప్రచురించిన ‘ది రాడ్ ఇన్ ఇండియా’ గ్రంథం చదివిన నాటి వేటగాళ్ళకు బాగా తెలుసు. ఆ పరుగులో దారం రీలు నుండి నిరాటంకంగా సాగిపోవాలి. ఒక్క చుట్టు మరొక చుట్టు కింద ఇరుక్కున్నదా, అర క్షణంలో అంతా ముగిసిపోతుంది.

చక్రం పుట్టక ముందు

మన పల్లెల చెరువు గట్లమీద నేటికీ వెదురు కర్ర కొసకు దారం కట్టి గాలం వేసేవారు ఉన్నారు. చిన్న చేపలకు అది చాలును. పెద్ద చేప తగిలితే ఇవ్వడానికి దారం ఉండదు. ఇంగ్లండులో 1653లో గాలపు వేటపై ప్రసిద్ధ గ్రంథం వెలువరించిన ఐజాక్ వాల్టన్, అలాంటి సమయంలో కర్రనే నీటిలోకి విసిరివేసేవాడు. చేప దానిని ఈడ్చుకుపోయి అలసిన తరువాత కర్రను వెతికి పట్టుకోవడమే ఉపాయం!

ఈ చిక్కును చైనావారు అంతకు ఎన్నో శతాబ్దాల ముందే విడదీశారు. దక్షిణ సుంగ్ కాలపు చిత్రకారుడు మా యువాన్ గీసిన ఒక చిత్రంలో, శీతకాలపు నీటిపై ఏకాకిగా పడవలో కూర్చున్న జాలరి చేతి కర్రకు ఒక చిన్న చక్రం స్పష్టంగా కనిపిస్తుంది. ఇంగ్లండులో ఇటువంటి చక్రం ప్రస్తావన 1651లో థామస్ బార్కర్ రచనలో వచ్చింది. బెంగాలులో ఇప్పటికీ రీలును ‘హుయిల్’ అనే వ్యవహరిస్తారు. అది ఇంగ్లీషు ‘వీల్’ అన్న మాటే.

చరఖా, కండె

దారాన్ని చుట్టి విడిచే పద్ధతులు ప్రధానంగా రెండు. రెండూ తెలుగువారికి కొత్తవి కావు.

సంక్రాంతికి గాలిపటం ఎగురవేసేవాని పక్కన చరఖా పట్టుకొని నిలబడే పిల్లవానిని గుర్తు తెచ్చుకోండి. దారం పోయేటప్పుడు చరఖా తిరుగుతుంది, చుట్టేటప్పుడూ అదే తిరుగుతుంది. తొలి రీళ్ళన్నీ ఈ జాతివే. 1820 ప్రాంతంలో అమెరికాలోని కెంటకీలో జార్జి స్నైడర్ అనే గడియారాల పనివాడు దీనికి పళ్ళచక్రాలు అమర్చాడు. పిడి ఒక్కసారి తిప్పితే కండె పలుమార్లు తిరిగేది. ఈ పద్ధతిలో లోపం ఒక్కటే. గాలం విసిరిన తరువాత దారం వేగం తగ్గినా కండె వేగం తగ్గదు. క్షణంలో పిచ్చుక గూడు వంటి చిక్కు తయారవుతుంది. అందుకే ఈ రీలు వాడేవాడు బొటనవేలిని కండెపై ఆనించి ఉంచడం మొదట నేర్చుకుంటాడు.

రెండవది నేత మగ్గంలోని పద్ధతి. నాడెలో అమర్చిన కండె తిరగదు. దారం దాని కొన మీదుగా జారి ఊడివస్తుంది. తిరిగే బరువు లేనందున ఎంత తేలికైన ఎర అయినా దారాన్ని దూరంగా తీసుకుపోగలదు. స్కాట్లండుకు చెందిన పీటర్ మాలక్ 1884లో, విసిరేటప్పుడు కండెను పక్కకు తిప్పి కొన మీదుగా దారం జారవిడిచే రీలును చేశాడు. ఇంగ్లండులో వస్త్ర పరిశ్రమతో సంబంధం గల ఆల్ఫ్రెడ్ ఇల్లింగ్‌వర్త్ 1905లో, కండె ఎప్పుడూ కదలని రీలుకు పేటెంటు పొందాడు. మిల్లులోని కండెయే అతనికి దారి చూపినదని చెబుతారు. ఈనాడు దుకాణాలలో విరివిగా కనిపించే ‘స్పిన్నింగ్ రీలు’కు మూలం అదే.

పురి అనే శత్రువు

కదలని కండెకు చెల్లించవలసిన మూల్యం ఒకటున్నది. అదే పురి. కాగితపు రిబ్బను చుట్టను కదలకుండా పట్టుకొని కొసను పక్కకు లాగి చూడండి. ఊడివచ్చిన ప్రతి చుట్టుకూ ఒక మెలిక పడుతుంది. దారంలోనూ అంతే. మెలికలు పేరుకుపోయిన దారం వదులైన వెంటనే తనంతట తానే ఉచ్చులు పోసుకుంటుంది.

కాబట్టి కొత్త దారం ఎక్కించేటప్పుడు రీలు జాతిని బట్టి నడుచుకోవాలి. తిరిగే రీలుకైతే, కొని తెచ్చిన కండె రంధ్రంలో పెన్సిలు దూర్చి మరొకరిచేత పట్టించాలి. ఇక్కడ కండె తిరుగుతుంది, అక్కడ రీలు తిరుగుతుంది, పురి పడదు. కదలని కండె గల రీలుకైతే దుకాణపు కండెను నేలపై పరుండబెట్టాలి. దాని నుండి ఊడే దారపు పురి, రీలు వేసే పురికి ఎదురైనదై రెండూ సరిపోవాలి. పదిహేను చుట్లు చుట్టిన తరువాత దారం వదులు చేసి చూస్తే నిజం బయటపడుతుంది. అది మెలి తిరిగితే నేలమీది కండెను బోర్లించి మళ్ళీ మొదలుపెట్టాలి. చేప దారం లాక్కుపోతున్నప్పుడు కంగారుపడి పిడి తిప్పడం కూడ ఈ రీలులో పురిని పెంచే పొరపాటే.

రీలు లేకుండా పలకకు దారం చుట్టుకొనేవారికి సులువైన ఉపాయమున్నది. ఒకే వైపు గుండ్రంగా చుట్టక, ఎనిమిది అంకె ఆకారంలో చుట్టాలి. ఒక సగంలో పడిన మెలికను రెండవ సగం విప్పివేస్తుంది.

బిగువు, నిండుదనం

వదులుగా చుట్టిన దారం చూడడానికి నిండుగానే ఉంటుంది. పెద్ద చేప లాగినప్పుడు పైచుట్టు కింది చుట్ల మధ్యకు కోసుకుపోయి బిగుసుకుంటుంది. తడిగుడ్డ మధ్య నుండి దారాన్ని పోనిస్తూ, వేళ్ళతో మితంగా ఒత్తిపట్టి చుట్టడం దీనికి విరుగుడు. బిగువు అతిగా ఉన్నా ప్రమాదమే. సాగదీసి చుట్టిన నైలాను తిరిగి కుదించుకోజూస్తుంది. వందలాది చుట్లు ఒక్కటై నొక్కితే బలహీనమైన కండె పగిలిపోగలదు.

కదలని కండెను అంచుకు రెండు మూడు మిల్లీమీటర్ల లోపు వరకు నింపాలి. తక్కువైతే దారం అంచుకు ఒరుసుకొని గాలం దూరం పోదు. పొర్లేలా నింపితే చుట్లు గుంపుగా జారిపడతాయి. కండె లోతైనదైతే అడుగున పాత దారం వేసి పైన కొత్తది ఎక్కించుకోవచ్చును.

దాచే విధం

పట్టుదారాల కాలంలో వేట ముగిసిన వెంటనే దారమంతా విప్పి పెద్ద చట్రం మీద ఆరబెట్టేవారు. లేనిచో కుళ్ళిపోయేది. 1938లో అమెరికన్ సంస్థ డ్యూపాంట్ ప్రకటించిన నైలాను ఈ శ్రమను తప్పించింది. నైలాను కుళ్ళదు, కాని మరచిపోదు. చిన్న కండె మీద నెలల తరబడి ఉంటే ఆ వంపునే తన ఆకారంగా చేసుకుంటుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలు దానిని లోలోపల పెళుసు చేస్తాయి. అందుచేత మిగులు దారాన్ని వెడల్పాటి కండెకు చుట్టి, చల్లని చీకటి చోట ఉంచడం మేలు. వేటకు ముందు మొదటి కొద్ది మీటర్లను వేళ్ళ మధ్య జార్చి చూసి, గరుకు తగిలిన చోటు వరకు కత్తిరించివేయాలి.

దారం తెగితే నష్టపోయేది వేటగాడు ఒక్కడే కాడు. నోట గాలంతో, వెంట మీటర్ల కొద్దీ నైలానుతో చేప వెళ్ళిపోతుంది. ఆ దారం ఏ రాతికో చుట్టుకుంటే అది అక్కడే చస్తుంది. కావేరీ నదీవ్యవస్థకు చెందిన మూపురపు మహసీరు అంతరించే ప్రమాదపు అంచున ఉన్నదని 2018లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం ప్రకటించింది. అటువంటి కాలంలో తెగని దారం చేపకు కూడ రక్షణే. పట్టి తిరిగి నీటిలో విడవాలన్నా ముందు అది ఒడ్డుకు చేరాలి గదా!

పాత దారాన్ని గట్టుమీద పారవేస్తే కొంగల కాళ్ళకు, తాబేళ్ళ మెడలకు ఉరి అవుతుంది. దానిని ముక్కలుగా కత్తిరించి మూతగల డబ్బాలో వేసి ఇంటికి తీసుకుపోవాలి. కొత్త దారాన్ని జాగ్రత్తగా చుట్టడం ఎంత అవసరమో, పాతదానిని నీటి దరిదాపుల మిగల్చకపోవడం అంతే అవసరం.