ముందుచక్రపు బ్రేకు గొట్టము

జపానునందు 1969లో వెలువడిన హోండా సీబీ 750 మోటారుసైకిలు ముందుచక్రమునకు డిస్కు బ్రేకు కలదు. చేతిమీటను నొక్కినపుడు ఆ ఒత్తిడిని గొట్టములలోని బ్రేకు ఆయిలు చక్రమువద్దకు చేర్చును. వానిలో రబ్బరు గొట్టము ఏండ్లు గడచినకొలది, పైకి బాగుగనే కనబడుచు, లోపల చివికిపోవును. దానిని నమ్ముట ప్రాణములతో చెలగాటమే.

క్రొత్త గొట్టమునకు క్రొత్త రాగి వాషర్లనే వేయవలెను. బ్రేకు ఆయిలు తగిలిన రంగు పాడగును. పెట్రోలు ట్యాంకుపై ముందే గుడ్డ కప్పుట మేలు.

అన్నిటికంటె ఓర్పు కావలసినది గాలిని వెడలించుటకు. ద్రవము ఒత్తిడికి కుదించుకొనదు; గాలి కుదించుకొనును. లోపల బుడగలు మిగిలినచో మీట మెత్తగా లోనికిపోవునే గాని చక్రము ఆగదు. కావున మీటను నొక్కిపట్టి, చక్రమువద్ద చిన్నమరను వదలుచేసి, ఆయిలుతో బుడగలు వెడలగనే మరను బిగించి, పిదపనే మీటను విడువవలెను. పైగిన్నెలో ఆయిలు తరుగకుండ పోయుచు, మీట గట్టిపడువరకు ఇట్లే చేయవలెను.