నివాస స్థితి (ఆదాయపు పన్ను)

ఒక వ్యక్తి ఒక ఆర్థిక సంవత్సరంలో పన్ను నిమిత్తం ఏ దేశపు నివాసిగా పరిగణింపబడతాడో తెలిపే అంశాన్ని నివాస స్థితి అంటారు. ఇది పౌరసత్వం కంటె భిన్నమైనది. భారత పౌరుడు పన్ను విషయంలో ప్రవాసి కావచ్చును. విదేశీయుడు భారతదేశంలో నివాసి కావచ్చును. పాస్‌పోర్టు, వీసాల కంటె దేశంలో గడిపిన రోజుల సంఖ్య ఇక్కడ ముఖ్యం. ఈ స్థితిని ఏ సంవత్సరానికి ఆ సంవత్సరం విడిగా నిర్ణయిస్తారు. ఉద్యోగరీత్యా అమెరికా, గల్ఫ్ దేశాలకు వెళ్ళే తెలుగువారు దీనిని తప్పక తెలుసుకొనవలెను.

నిర్ణయించే విధానం

ఆదాయపు పన్ను చట్టం, 1961లోని 6వ సెక్షను ప్రకారం క్రింది రెండింటిలో ఏ ఒక్కటి వర్తించినా ఆ వ్యక్తి నివాసి అవుతాడు.

1. ఆ ఆర్థిక సంవత్సరంలో 182 రోజులు లేదా అంతకు మించి భారతదేశంలో ఉండడం.
2. ఆ సంవత్సరంలో కనీసం 60 రోజులు, అంతకు ముందరి 4 సంవత్సరాలలో మొత్తం కనీసం 365 రోజులు ఉండడం.

ఉద్యోగం కొరకు దేశం విడిచి వెళ్ళే భారత పౌరునికి ఆ సంవత్సరంలో 60కి బదులు 182 రోజుల పరిమితి వర్తిస్తుంది. విదేశాల నుండి చూసి పోవడానికి వచ్చే ప్రవాస భారతీయులకు కూడా ఈ సడలింపు కలదు. అయితే 2020 నాటి సవరణ ప్రకారం, విదేశీ ఆదాయం కాక మిగిలిన ఆదాయం 15 లక్షల రూపాయలు దాటినచో వీరికి ఆ పరిమితి 120 రోజులు.

2026 ఏప్రిల్ 1 నుండి అమలయ్యేలా 2025లో ఆమోదించిన కొత్త చట్టంలోను ఈ మూల నియమాలు మారలేదు.

వర్గాలు

* సాధారణ నివాసి: ప్రపంచంలో ఎక్కడ సంపాదించిన ఆదాయానికైనా భారతదేశంలో పన్ను వర్తిస్తుంది.
* సాధారణ నివాసి కాని నివాసి: భారతదేశంలోని ఆదాయానికి, ఇక్కడి నుండి నిర్వహించే విదేశీ వ్యాపారపు ఆదాయానికి పన్ను వర్తిస్తుంది.
* ప్రవాసి: భారతదేశంలో వచ్చిన ఆదాయానికి మాత్రమే పన్ను వర్తిస్తుంది.

ఉదాహరణ

ఎప్పుడూ గుంటూరులోనే ఉన్న ఒక ఇంజనీరు ఉద్యోగం కొరకు సెప్టెంబరు 20న అమెరికా వెళ్ళి, మార్చి 31 వరకు తిరిగి రాలేదనుకుందాం. ఏప్రిల్ 1 నుండి లెక్కించగా అతడు దేశంలో ఉన్నది 173 రోజులు. కనుక ఆ సంవత్సరానికి ప్రవాసి. అమెరికాలో సంపాదించి అక్కడే అందుకున్న జీతానికి ఇక్కడ పన్ను లేదు. అతడే అక్టోబరు 5న బయలుదేరినచో 188 రోజులవుతాయి. అప్పుడు సాధారణ నివాసిగా ఆ అమెరికా జీతాన్ని కూడా భారతదేశంలో చూపవలెను. పదిహేను రోజుల తేడా ఇంత మార్పు తెస్తుంది.

రెండు దేశాలలో నివాసి అయినప్పుడు

ప్రతి దేశానికి తన లెక్క తనకుంటుంది. అమెరికాలో పన్ను సంవత్సరం జనవరితో మొదలవుతుంది. అక్కడ ఆ సంవత్సరపు రోజులు పూర్తిగా, గత సంవత్సరపు రోజులలో మూడవ వంతు, అంతకు ముందరి సంవత్సరపు రోజులలో ఆరవ వంతు కలిపి 183 అయినచో నివాసిగా పరిగణిస్తారు; ఆ సంవత్సరంలో కనీసం 31 రోజులు ఉండవలెను. అందువలన ఒకే వ్యక్తి రెండు దేశాలలోను నివాసి కావచ్చును. అప్పుడు 1989లో కుదిరిన భారత-అమెరికా ద్వంద్వ పన్నుల నివారణ ఒప్పందం ప్రకారం శాశ్వత గృహం, వ్యక్తిగత ఆర్థిక సంబంధాలు, అలవాటుగా ఉండే చోటు, పౌరసత్వం అనే వరుసలో పరిశీలించి ఒక దేశాన్ని నిర్ణయిస్తారు. ఒక దేశంలో చెల్లించిన పన్నును మరొక దేశంలో నియమాల మేరకు మినహాయించుకొనవచ్చును.

యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో జీతంపై ఆదాయపు పన్ను లేదు. అక్కడ పనిచేసేవారు భారతదేశంలో సాధారణ నివాసి అయినచో, మినహాయించుకొనడానికి అక్కడ కట్టిన పన్ను ఏదీ ఉండదు.

తిరిగి వచ్చినప్పుడు

గత 10 సంవత్సరాలలో 9 సంవత్సరాలు ప్రవాసిగా ఉన్నవారు, లేదా గత 7 సంవత్సరాలలో 729 రోజులకు మించి భారతదేశంలో ఉండనివారు సాధారణ నివాసి కాని నివాసి అవుతారు. చాలా కాలం తరువాత తిరిగి వచ్చినవారికి విదేశాలలోని పొదుపు, పెట్టుబడులను చక్కబెట్టుకొనడానికి ఈ వెసులుబాటు ఉపకరిస్తుంది. ప్రయాణపు తేదీలకు పాస్‌పోర్టులోని ముద్రలు ముఖ్య ఆధారం కనుక పాత పాస్‌పోర్టులను కూడా భద్రపరచుకొనడం మంచిది.